నక్షాల చేతికి కెమెరా: రాజా దీన్ దయాళ్ ముసవ్విర్ జంగ్ జీవితం

పాత హైదరాబాద్ ఫోటో ఏదైనా చూడండి. జనం పలచగా ఉన్న చార్మినార్ దారి, ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి హాళ్లు, బషీర్‌బాగ్ ప్యాలెస్, కుతుబ్ షాహీ సమాధులు, దర్బారు దుస్తుల్లో నిలబడ్డ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. వీటిలో చాలా వాటి వెనక ఉన్న మనిషి ఒక్కరే. ఆయన పేరు లాలా దీన్ దయాళ్. ఆసఫ్ జాహీ దర్బారు ఆయన్ని రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని పిలిచింది.

ఆయన పుట్టింది హైదరాబాద్‌లో కాదు. నవాబుల ఇంటివాడూ కాదు, పేరున్న చిత్రకారుల ఖాన్‌దాన్‌వాడూ కాదు. 30 ఏళ్లు వచ్చేదాకా చేతిలో కెమెరా లేదు. ప్రభుత్వ ఆఫీసులో నక్షాలు గీసుకునే ఉద్యోగి. అలాంటి మనిషి దేశంలోనే పేరుమోసిన ఫోటోగ్రాఫర్ ఎలా అయ్యారన్నది ఈరోజు మొదటి కెమెరా కొనుక్కుందామని డబ్బులు కూడబెట్టుకుంటున్న పిల్లలకు చాలా అక్కరకొచ్చే కథ.

సర్ధనా నుంచి ఇందౌర్ దాకా

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర్లోని సర్ధనా అనే ఊళ్లో పుట్టారు. జైన కుటుంబం, నగల వ్యాపారం చేసే ఇల్లు. ఆయన మాత్రం దుకాణంలో కూర్చోకుండా చదువు వైపు వెళ్లారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. ఇప్పుడు ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. అక్కడ కొలతలు తీయడం, నక్షాలు గీయడం, కట్టడానికి అయ్యే ఖర్చు అంచనా వేయడం నేర్చుకున్నారు.

చదువు అయ్యాక 1866లో ఇందౌర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం దొరికింది. అంచనాలు వేసే పని, డ్రాఫ్ట్స్‌మన్ పని. నెల తిరిగేసరికి జీతం వచ్చే నౌకరీ. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు.

ఇందౌర్‌లో ఆయనకు రెండు అండలు దొరికాయి. ఒకటి మహారాజా రెండో తుకోజీరావ్ హోల్కర్. రెండోది మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ. దీన్ దయాళ్ 1874లో కెమెరా పట్టినప్పుడు వీళ్లిద్దరూ ప్రోత్సహించారు. ఉద్యోగం వదల్లేదు. పగలు ఆఫీసు పని, మిగిలిన టైములో ఫోటోల పని. కొద్దికాలానికే సొంత స్టూడియో కూడా మొదలుపెట్టారు.

కట్టడాల నక్షాలు గీసిన అనుభవం ఊరికే పోలేదు. ఒక గోడ నిటారుగా ఉందా, గుమ్మం మధ్యకు వచ్చిందా, మెట్ల వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అన్నది ఆయన కంటికి అలవాటైన లెక్క. ఆయన తీసిన కోటలు, మహళ్లు చూస్తే ఆ లెక్క కనబడుతుంది. ఫోటోగ్రఫీ కొత్తగా నేర్చుకున్నారు గానీ, చూడటం మాత్రం అంతకుముందే నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో మొదటి కెమెరా అంటే

1874లో కెమెరా కొనడమంటే ఇప్పటిలా ఒక డబ్బా ఇంటికి తెచ్చుకోవడం కాదు. చెక్కతో చేసిన పెద్ద పెట్టె, ముందు ఇత్తడి గొట్టంలో అమర్చిన లెన్సు, మధ్యలో హార్మోనియం తిత్తిలాగా సాగే తోలు భాగం, వెనక గాజు పలక. దాన్ని నిలబెట్టడానికి మూడు కాళ్ల స్టాండు. ఇది సగం సామాను మాత్రమే.

అప్పుడు చలామణీలో ఉన్నది తడి ప్లేటు పద్ధతి. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు 1851లో దీన్ని బయటపెట్టాడు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోయాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్ నీళ్లలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, తడి ఆరకముందే కడగాలి. ఆరిపోయిందా, పలక పనికిరాదు. మన ఎండల్లో అది ఇంకా తొందరగా ఆరిపోయేది. అందుకే ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే అక్కడికి చీకటి డేరా, మందుల సీసాలు, నీళ్ల కుండలు, గాజు పలకల పెట్టెలు ఎడ్లబండి మీదో కూలీల నెత్తి మీదో వెళ్లాల్సిందే.

ఇంకొక సంగతి. అప్పట్లో చిన్న నెగెటివ్ నుంచి పెద్ద ఫోటో చేసుకోవడం మామూలు పని కాదు. కాగితాన్ని గాజు నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత ఉండేది. నెగెటివ్ ఎంత సైజో ఫోటో అంత సైజు. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద గాజు, పెద్ద గాజు కావాలంటే పెద్ద కెమెరా. అంగుళాల్లో 8 బై 10, 10 బై 12 పలకలు వాడేవాళ్లకు ఆ బరువు ఎంతో బాగా తెలుసు.

అంటే కొనేముందే ఒక ప్రశ్నకు జవాబు ఉండాలి: ఈ ఫోటో ఎవరి కోసం, ఎక్కడ పెట్టడానికి? జేబులో పెట్టుకునే చిన్న బొమ్మకైతే చిన్న కెమెరా చాలు. మహారాజు ఆల్బమ్‌లో గోడలోని ప్రతి రాయీ కనబడాలంటే చాలదు. దీన్ దయాళ్ పెద్ద పలకల వైపే వెళ్లారు. ఆయన ముందున్న పని కట్టడాలు, దర్బారులు కాబట్టి.

నౌకరీ ఒకవైపు, కెమెరా ఒకవైపు

1875-76లో వేల్స్ యువరాజు హిందుస్తాన్ పర్యటనకు వచ్చారు. కెమెరా పట్టి రెండేళ్లు కూడా నిండని దీన్ దయాళ్‌కు ఆ పర్యటన ఫోటోలు తీసే అవకాశం వచ్చింది. పేరు వ్యాపించింది.

డేలీ తర్వాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్‌కు పాత కట్టడాలంటే ఆసక్తి. 1882లో ఆయన బుందేల్‌ఖండ్ వైపు వెళ్తూ దీన్ దయాళ్‌ను వెంట తీసుకెళ్లారు. గ్వాలియర్ కోట, ఓర్ఛా, దతియా, ఖజురాహో, సాంచి స్తూపం. ఆ ఫోటోలతో గ్రిఫిన్ మధ్య భారత కట్టడాల మీద 1886లో ఒక పెద్ద పుస్తకం వేయించారు. రాళ్ల మీద పడ్డ వెలుగు, నీడ, చెక్కడం లోతు అన్నీ అందులో తెలుస్తాయి.

సరిగ్గా ఈ ఏళ్లలోనే ఫోటోగ్రఫీలో పెద్ద మార్పు వచ్చింది. రిచర్డ్ లీచ్ మ్యాడాక్స్ అనే డాక్టరు 1871లో జెలటిన్‌తో ఎండు ప్లేటు తయారుచేసే దారి చూపించాడు. 1870లు ముగిసేసరికి ఫ్యాక్టరీలో తయారైన డ్రై ప్లేట్లు అమ్మకానికి వచ్చాయి. వీటిని ముందే కొని పెట్టుకోవచ్చు. ఎప్పుడో తీసి, ఇంటికొచ్చి కడగవచ్చు. చీకటి డేరా మోసుకెళ్లే బాధ తప్పింది. సెకన్లకు సెకన్లు కదలకుండా కూర్చోబెట్టాల్సిన అవసరమూ తగ్గింది. నడుస్తున్న ఏనుగు, కదిలే గుర్రం, కవాతు చేసే ఫౌజు కూడా పలక మీదికి వచ్చే వీలు దొరికింది.

అప్పటికే తడి ప్లేటులో చెయ్యి తిరిగిన వాళ్లలో కొందరికి ఈ మార్పు కష్టంగానే ఉండింది. కష్టపడి నేర్చుకున్న పని పనికిరాకుండా పోతుందంటే ఎవరికైనా మనసొప్పదు. దీన్ దయాళ్ వృత్తి మాత్రం డ్రై ప్లేటుతో పాటే పెరిగింది. సైనిక విన్యాసాలు, వేట, ఊరేగింపులు ఆయన ఖాతాలోకి వచ్చాయి. పనిముట్టు మారినా ఆయన దృష్టి పని మీదే ఉండింది.

1880ల నడుమ ఆయన ఒక గట్టి నిర్ణయం తీసుకున్నారు. దాదాపు 20 ఏళ్లు చేసిన సర్కారు ఉద్యోగం వదిలి పూర్తిగా ఫోటోల మీదే బతకాలని. అప్పటికి వయసు 40 దాటింది, ఇంటి బాధ్యతలున్నాయి. కానీ అది గుడ్డిగా దూకడం కాదు. పదేళ్లపాటు నౌకరీ చేస్తూనే పని నేర్చుకున్నారు, గిరాకీ సంపాదించారు, పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాతే జీతం వదులుకున్నారు. వైస్రాయ్ లార్డ్ డఫరిన్ 1885లో ఆయన్ని తన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకున్నారు. తర్వాత విక్టోరియా రాణి నుంచి కూడా రాజ ఫోటోగ్రాఫర్‌గా గుర్తింపు వచ్చింది.

దక్కన్ పిలుపు

అదే కాలంలో హైదరాబాద్‌లోనూ కొత్త గాలి వీస్తోంది. సాలార్ జంగ్ 1883లో చనిపోయారు. 1884లో యువ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు వచ్చాయి. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు కూడా లేవు. జనం ప్రేమగా మహబూబ్ అలీ పాషా అని పిలుచుకునే ఈ నిజాంకు వేట అంటే ప్రాణం, షాయరీ అంటే ఇష్టం. ఆసిఫ్ అనే తఖల్లుస్‌తో తానే షేర్లు రాసేవారు. దిల్లీ నుంచి వచ్చిన దాగ్ దెహ్లవీని ఉస్తాద్‌గా పెట్టుకున్నారు. అలాంటి దర్బారులోకి దీన్ దయాళ్ వచ్చారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు.

తర్వాతి 20 ఏళ్లలో నిజాం రాజ్యం అంతా ఆయన కెమెరా ముందుకు వచ్చింది. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ సమాధులు, హనుమకొండ వేయి స్తంభాల గుడి, బీదర్, గుల్బర్గా, ఔరంగాబాద్‌లోని బీబీ కా మఖ్బరా, ఎల్లోరా. ఉమరావుల దేవిడీలు, వాళ్ల పిల్లలు, వాళ్ల గుర్రబ్బండ్లు. 1902 ఏప్రిల్‌లో వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య వేటకు వచ్చినప్పుడు చచ్చిన పులి ముందు నిలబెట్టి తీసిన ఫోటో ఇప్పటికీ ఎన్నో పుస్తకాల్లో కనబడుతుంది.

నిజాం ఆయనకు 1890ల నడుమ రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ఆసఫ్ జాహీ దర్బారులో జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా అని బిరుదులకు మెట్లు ఉండేవి. జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టేవాళ్లకు ఇచ్చే మాటను తస్వీర్ తీసేవాడి పేరు పక్కన పెట్టడంలోనే ఆయన హునర్‌కు దక్కిన ఇజ్జత్ తెలుస్తుంది. మీరట్ దగ్గరి జైన ఇంట్లో పుట్టిన మనిషి, దక్కన్‌లో ఉర్దూ-ఫార్సీ బిరుదుతో చిరకాలం గుర్తుండిపోయారు. ఆయన పనితనం మీద నిజాం స్వయంగా ఒక షేర్ చెప్పారని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

జనానా స్టూడియో

దీన్ దయాళ్ జీవితంలో అన్నిటికంటే ఆలోచించదగ్గ అధ్యాయం ఇది.

హైదరాబాద్ పెద్దిళ్ల మగవాళ్ల ఫోటోలు వందలకొద్దీ వచ్చాయి. మరి ఆ ఇళ్ల అమ్మీలు, బేగంలు, ఆడపిల్లలు? వాళ్లు పర్దాలో ఉండేవాళ్లు. పరాయి మగవాడి ముందుకు రారు. ఫోటోగ్రాఫర్ ఎంత పెద్దవాడైనా, నిజాం బిరుదున్నవాడైనా ఈ విషయంలో ఎవరూ సడలింపు ఇవ్వరు. ఆ ఆడవాళ్లకు తమ తస్వీర్ మీద కోరిక లేదా అంటే ఉంది. కూతురు పెళ్లయి దూరం వెళ్తుంటే తల్లి దగ్గర ఒక బొమ్మ మిగలాలని ఏ తల్లికి ఉండదు?

ఇక్కడ దీన్ దయాళ్ ముందు మూడు దారులున్నాయి. ఈ గిరాకీ మనది కాదని వదిలేయడం. పర్దా పక్కన పెట్టి రమ్మని ఒత్తిడి చేయడం. లేదా వాళ్ల పద్ధతికి తగ్గట్టు తన పద్ధతి మార్చుకోవడం. ఆయన మూడోది ఎంచుకున్నారు.

1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తైన గోడలు, బయటి కన్ను పడే వీలు లేకుండా. లోపల ఫోటో తీసేది ఆడమనిషే, మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. ఆమెకు సాయం చేసేవాళ్లూ ఆడవాళ్లే. పర్దా ఇళ్ల మహిళలు బేఫికర్‌గా వచ్చి కూర్చుని ఫోటో తీయించుకునే ఏర్పాటు.

ఇందులో కొత్త లెన్సు లేదు, కొత్త ప్లేటు లేదు. ఉన్నవల్లా ఒక గోడ, ఒక ఆడ ఫోటోగ్రాఫర్, కొంచెం అదబ్. దేశంలోకెల్లా మంచి కెమెరాలు చేతిలో ఉన్న మనిషికి కెమెరా ఒక్కటే అన్ని తలుపులూ తెరవదని తెలిసిపోయింది. కెమెరా ముందు కూర్చునే మనిషికి భరోసా లేకపోతే ఎంత ఖరీదైన లెన్సు అయినా ఉత్త గాజే. స్టూడియో వ్యాపారం కోసమే పెట్టారన్నది నిజమే. కానీ ఆ వ్యాపారం ఎదుటివాళ్ల ఇజ్జత్‌ను ముందు పెట్టుకుని నడిచింది.

అదే కెమెరా, ఆకలి ముందు

దీన్ దయాళ్‌ను నవాబుల ఫోటోగ్రాఫర్ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. దర్బారు డబ్బుతోనే ఆయన బతికారు. మహళ్లు, పులులు, ఆభరణాలు ఆయన ఆల్బముల్లో నిండుగా ఉన్నాయి. ఆ వైభవం వెనక రైతు కష్టం ఆ ఫోటోల్లో అంతగా కనబడదు.

కానీ అది మొత్తం కథ కాదు. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో దక్కన్‌ను కరువు పీడించింది. 1899-1900 కరువు మరీ ఘోరం. ఔరంగాబాద్ వైపు జనం తిండి లేక అల్లాడారు. నిజాం సర్కారు చేపట్టిన కరువు సహాయ పనుల ఫోటోలు కూడా దీన్ దయాళ్ స్టూడియోవే. ఎముకలు తేలిన మనుషులు, వరసగా కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు అదే గాజు పలక మీద, అంతే స్పష్టంగా ఉన్నారు. అవి సర్కారు తన మంచి పనులు చూపించుకోవడానికి తీయించిన ఫోటోలే. అయినా వాటిలోని ముఖాలు సర్కారు చెప్పదలచుకున్నదానికంటే ఎక్కువ చెబుతాయి. పెద్ద పలక గొప్పతనం అదే, పెట్టినవన్నీ దాచుకుంటుంది. 100 ఏళ్ల తర్వాత చూసేవాళ్లు అందులో తమకు కావలసింది చూసుకుంటారు.

బొంబాయి, తర్వాత

1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ పనిలో తోడయ్యారు. అందుకే చాలా ఫోటోల మీద రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అని ఉంటుంది. సికింద్రాబాద్, బొంబాయి రెండు చోట్లా పని నడిచింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కూడా ఆయన ఫోటోలకు గుర్తింపు దొరికింది.

ఈలోగా దునియాలో ఇంకో మార్పు మొదలైంది. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ కెమెరా అమ్మకానికి పెట్టాడు. చేతిలో ఇమిడే పెట్టె, లోపల 100 ఫోటోలకు సరిపడా చుట్ట. తీశాక కెమెరానే కంపెనీకి పంపితే వాళ్లే కడిగి ఫోటోలు పంపేవాళ్లు. మామూలు జనం కూడా ఫోటోగ్రాఫర్లయ్యే రోజులొచ్చాయి. దీన్ దయాళ్ స్టూడియో మాత్రం గాజు పలకలతోనే నడిచింది. డ్రై ప్లేటు మార్పును ఆహ్వానించిన మనిషి దీని వెనక పరుగెత్తలేదు. కోటగోడలోని ప్రతి రాయీ కనబడాల్సిన పనికి ఆ చిన్న చుట్ట సరిపోదు. అంటే కొత్తది వచ్చిందని మారడం, మారకపోవడం రెండూ పనిని బట్టే.

చివరి రోజులు దుఃఖంలో గడిచాయి. 1904లో కొడుకు ధరమ్ చంద్ చనిపోయాడు. మరుసటి ఏడాది, 1905లో దీన్ దయాళ్ కన్నుమూశారు. నిజాం ఉస్తాద్ దాగ్ దెహ్లవీ కూడా హైదరాబాద్‌లో అదే సంవత్సరం పోయారు. మాటలతో దర్బారును వెలిగించిన మనిషి, వెలుగుతో దర్బారును రాసిన మనిషి, ఇద్దరూ ఒకే ఏడాది వెళ్లిపోయారు.

గాజు నెగెటివ్‌లు కుటుంబం దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయాయి. 1989లో దిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరుతో స్టాంపు విడుదల చేసింది.

మొదటి కెమెరా కొనేవాళ్లకు ఆయన జీవితం చెప్పేది

ఈరోజు కెమెరా దుకాణంలో నిలబడ్డ కుర్రవాడికి ముందుగా వినబడే మాట మెగాపిక్సెళ్లు. ఇది ఎన్ని, అది ఎన్ని. దీన్ దయాళ్ జీవితం చూస్తే మొదటి ప్రశ్న వేరేలా ఉండాలి: ఎవరిని తీయాలి, ఎక్కడ తీయాలి, ఆ ఫోటో ఎక్కడికి వెళ్లాలి?

డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ అంటే లెన్సు గుండా వచ్చిన వెలుగును లోపలి అద్దం పైకి మళ్లించి కంటికి చూపించే కెమెరా. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి వెలుగు సెన్సార్ మీద పడుతుంది. ఒకప్పటి గాజు పలక స్థానంలో ఇప్పుడున్నది ఆ సెన్సారే. ఈ మధ్య పెద్ద కంపెనీలన్నీ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లాయి. కొత్త మోడళ్లు దాదాపు అవే. దానివల్ల బిగినర్లకు ఒక లాభం ఉంది: బాగా పనిచేసే ఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. అవి కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో లెక్క చూడాలి. లెన్సులో వెలుగు వేసి ఫంగస్ మచ్చలున్నాయేమో పరిశీలించాలి. బ్యాటరీ, చార్జర్, సర్వీసు దొరుకుతాయో లేదో కనుక్కోవాలి.

నిజాం ఏనుగులు, కోటలు తీసే పని లేనివాళ్లకు చిన్న సెన్సార్ ఉన్న ఎపిఎస్-సి బాడీ చాలు. దాంతోపాటు వచ్చే 18-55 లెన్సుతో రోజువారీ పని అంతా నేర్చుకోవచ్చు. ఇంట్లో, ఫంక్షన్ హాల్లో, తక్కువ వెలుగులో మనుషుల్ని తీయాలంటే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి తోడైతే మంచిది. దాని ధర మిగతా లెన్సులతో పోలిస్తే తక్కువ, వెలుగు ఎక్కువ తీసుకుంటుంది. చేతిలో ఉన్న డబ్బంతా బాడీ మీదే పోసి, లెన్సుకూ ట్రైపాడ్‌కూ ఏమీ మిగల్చకపోతే సగం సామానుతో నిలబడ్డట్టే. దీన్ దయాళ్ వాడిన పెద్ద పలకల కెమెరాలకు మూడు కాళ్ల స్టాండు లేకపోతే కుదరదు. ఇప్పుడు కూడా సాయంత్రం వెలుగులో కట్టడం తీయాలంటే అదే దిక్కు.

ఇంకో మాట. నౌకరీ చేస్తూ మొదలుపెట్టినవాడు తొందరగా ఓడిపోడు. పదేళ్లు పని నేర్చుకుని తర్వాత జీతం వదిలిన దీన్ దయాళ్ దారి, మొదటి నెలకే అప్పు చేసి కెమెరా కొని వ్యాపారం మొదలుపెట్టే దారికంటే నెమ్మదైనది. కానీ కింద నేల ఉన్న దారి.

ఇక జనానా స్టూడియో. ఇప్పటికీ చాలా ఇళ్లలో నికా, వలీమా దావత్‌లలో ఆడవాళ్ల వైపు ఫోటో తీయడానికి మగవాడిని పిలవడానికి ఇష్టపడరు. అక్కడ ఫోటో తీసే ఆడపిల్ల ఉంటే ఇంటివాళ్ల భరోసా వేరు. ఒక ఇంట్లో కూతురు కెమెరా అడిగితే అది షోకు అని తీసిపారేయడానికి ముందు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి. హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే ఫోటో తీసే పని 1892లోనే మొదలైంది. అప్పుడు ఆ పని చేయడానికి ఇంగ్లీషు మహిళను వెతుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు వెతుక్కోవాల్సిన పని లేదు, ఇంట్లోనే ఉంటుంది ఆ పిల్ల.